గండికోటలో ఉల్కల టికెట్, వేంపల్లెలో అసలు రాళ్ళు

డిసెంబరు 13, 14 రాత్రుల్లో జెమినిడ్ ఉల్కలు చూద్దామని గండికోట వెళ్ళేవాళ్ళకు ముందే చెబుతున్నా: టెలిస్కోప్ షో పేరుతో ఎవరు టికెట్ అమ్మినా కొనకండి. ఉల్క క్షణంలో ఆకాశాన్ని దాటిపోతుంది. దానికి కావలసింది చీకటి, రెండు కళ్ళు. టెలిస్కోప్‌లో కనిపించేది ఆకాశంలో చిన్న ముక్క మాత్రమే.

మేము వెళ్ళినప్పుడు ముగ్గురికి టెంట్ 2,500, షో మనిషికి 500. మొత్తం 4,000 ముందే కట్టించుకున్నారు. లైట్లన్నీ ఆపేస్తామని ఫోన్‌లో మాటిచ్చారు. తీరా వెళ్తే టెంట్ల మధ్య రెండు ఫ్లడ్‌లైట్లు, పక్కనే సౌండ్ బాక్సులు. పదకొండు దాటినా పాటలు ఆగలేదు. టెలిస్కోప్ స్టాండుకు ఒక కాలు వదులు, ముట్టుకుంటే ఊగిపోతోంది. మేనేజర్‌ని అడిగితే "మిగతా గెస్టులు ఒప్పుకోరు సార్" అన్నాడు. షో డబ్బులైనా వెనక్కివ్వమంటే లేచి వెళ్ళిపోయాడు. మా ఆవిడకు ఒళ్ళు మండి, "మన డాబా మీద పడుకున్నా సరిపోయేది" అని నామీద విసుక్కుంది. పదో తరగతి చదివే మా అమ్మాయి మాట్లాడడమే మానేసింది. ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన పిల్ల. డబ్బు పోయినదానికన్నా ఆ మౌనమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

అర్ధరాత్రి దాటాక దుప్పట్లు తీసుకుని, లైట్లు కనపడనంత దూరం రోడ్డు వెంట నడిచాం. ఒకదాని వెనక ఒకటి రాలుతూనే ఉన్నాయి. అమ్మాయి నోరు విప్పింది. ఇదంతా ఫేథాన్ అనే గ్రహశకలం వదిలిన ధూళి అట. 1969లో ఆస్ట్రేలియాలోని మర్చిసన్ దగ్గర పడిన ఉల్కలో అమైనో ఆమ్లాలు దొరికాయట. జీవానికి కావలసిన ముడిసరుకు కొంత అలా పైనుంచే వచ్చి ఉండొచ్చు. "డైనోసార్ల పని పట్టిందీ ఇలాంటిదేనా?" అని అడిగింది వాళ్ళమ్మ. అది ఏకంగా పది కిలోమీటర్ల రాయి. 6.6 కోట్ల ఏళ్ళ కిందట మెక్సికోలో చిక్సులూబ్ దగ్గర పడింది. ఆ కాలపు మట్టిపొరలో, భూమి మీద అరుదుగా, ఉల్కల్లో ఎక్కువగా ఉండే ఇరిడియం అనే లోహం మామూలుకు మించి ఉండడం చూసి, ఆకాశం నుంచి ఏదో పడి ఉంటుందని 1980లో శాస్త్రవేత్తలైన ఆల్వరెజ్ తండ్రీకొడుకుల బృందం చెప్పింది.

మర్నాడు కోట, పెన్నా లోయ చూశాం, బాగున్నాయి. జమ్మలమడుగులో కారు 3,200కి మాట్లాడుకుని, ముద్దనూరు, పులివెందుల మీదుగా వేంపల్లె చేరాం.

నా మనసు నిండింది ఇక్కడే. గుట్టల్లో సున్నపురాయి లాంటి డోలమైట్ రాతి నిండా వంపులు తిరిగిన సన్నటి పొరలు. వీటిని స్ట్రోమటోలైట్లు అంటారు. సుమారు 200 కోట్ల ఏళ్ళ కిందట లోతులేని సముద్రంలో సూక్ష్మజీవులు పొర మీద పొరగా కట్టినవి. భూమి గాలిలోకి ఆక్సిజన్ వదిలింది ఇలాంటి జీవులే. అప్పట్లో చంద్రుడు మనకు ఇంకా దగ్గర, రోజుకు 24 గంటలు కూడా లేవు. ఇప్పటికీ ఆయన ఏటా 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడు. అపోలో యాత్రికులు అక్కడ పెట్టొచ్చిన అద్దాల మీదికి లేజర్ పంపి దీన్ని కొలిచారు. డైనోసార్లు పోయేనాటికే ఈ రాళ్ళ వయసు సుమారు 190 కోట్ల ఏళ్ళు. ఇంతటి వాటి దగ్గర, మేము చూసినంతలో ఒక్క బోర్డు లేదు. ఇది చాలా అన్యాయం.

మేకలు కాసే పెద్దాయన మమ్మల్ని చూసి, "ఈ బండల కోసరం యాడినుంచి వచ్చినారు సార్?" అన్నాడు. అమ్మాయి పొరలు చూపించి చెబితే శ్రద్ధగా విని, "ఆ పక్క ఇంకా పెద్దవి ఉండాయి పాపా" అని ఎండలో మేకల్ని వదిలి మరీ తీసుకెళ్ళాడు. వంద రూపాయలు ఇవ్వబోతే తీసుకోలేదు.

వేంపల్లెలో చిన్న మెస్సులో రాగిసంగటి, నాటుకోడి పులుసు, చెనిక్కాయల చట్నీ, ముగ్గురికీ 540. మా ఆవిడ రెండో ముద్ద అడిగి వేయించుకుంది. అప్పుడు గానీ నాతో సరిగ్గా మాట్లాడలేదు.

మీరు వెళ్తే జమ్మలమడుగులో రూము తీసుకోండి, వెయ్యి, పన్నెండు వందల్లో దొరుకుతుంది. రాత్రికి కారులో గండికోట రోడ్డు మీదికి వెళ్ళండి. దుప్పట్లు తప్పనిసరి, డిసెంబరు చలి గట్టిగానే ఉంటుంది. వేంపల్లెకు ఉదయం ఎనిమిదికల్లా చేరండి, ఏటవాలు ఎండలో పొరలు స్పష్టంగా కనిపిస్తాయి. సుత్తి మాత్రం పట్టుకెళ్ళకండి.