ఎల్లోస్టోన్ "తెలుగు ఫ్యామిలీ క్యాంపింగ్" ప్యాకేజీకి డబ్బు కట్టే ముందు ఇది చదవండి

ఈ వేసవికి ఎల్లోస్టోన్ నేషనల్ పార్కుకి వెళ్దామనుకుంటున్న అమెరికాలోని తెలుగువాళ్లు, ముఖ్యంగా ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని, చిన్నపిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. వాట్సాప్ గ్రూపుల్లో మళ్లీ ఆ ప్రకటనలు తిరుగుతున్నాయి. పార్కు లోపలే మూడు రాత్రులు టెంట్లలో బస, మూడు పూటలా మన భోజనం, ఎలుగుబంట్లు, తోడేళ్లు, బైసన్లు (అడవిదున్నల్లాంటి జంతువులు) దగ్గరగా చూపిస్తాం, అన్నీ కలిపి ఒకటే రేటు అంటూ. పోయిన వేసవిలో అచ్చం అలాంటి ప్యాకేజీకే మేమూ, డాలస్‌లో మాకు తెలిసిన ఇంకొన్ని కుటుంబాలూ పెద్దవాళ్లకు మనిషికి 900 డాలర్ల చొప్పున కట్టాం. నిర్వాహకుడి పేరు ఇక్కడ రాయడం లేదు. ఇంకో పేరుతో ఇంకో గ్రూపులో తేలడం ఇలాంటివాళ్లకు నిమిషం పని. అందుకే వాళ్ల పద్ధతి ఏమిటో మీరు తెలుసుకోవాలి.

మొదటి అబద్ధం క్యాంపు ఎక్కడన్న దగ్గరే. ప్రకటనలో మాడిసన్ క్యాంప్‌గ్రౌండ్ అని స్పష్టంగా రాశారు. పార్కు పశ్చిమ గేటు నుంచి 14 మైళ్లు లోపలికి, గిబ్బన్, ఫైర్‌హోల్ నదులు కలిసే చోట ఉంటుంది మాడిసన్. అక్కణ్నుంచి ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ గీజర్, అంటే వేడినీళ్లు పైకి చిమ్మే ఆ పేరున్న బుగ్గ, 16 మైళ్లే. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు అంతకన్నా అనువైన చోటు లేదని ఆశపడే డబ్బు కట్టాం. సాల్ట్ లేక్ సిటీ ఎయిర్‌పోర్టు నుంచి వ్యాన్లు కదిలేసరికే సాయంత్రమైంది. అర్ధరాత్రి దాటాక ఎక్కడో దింపితే, నిద్రమత్తులో ఉన్న పిల్లల్ని ఎత్తుకుని టెంట్లలో దూరాం. తెల్లారి చూస్తే మేమున్నది పార్కులోనే కాదు, అసలు పార్కులో ఎక్కువ భాగం ఉన్న వ్యోమింగ్ రాష్ట్రంలోనే కాదు. పక్క రాష్ట్రం ఐడహోలో, ఐలండ్ పార్క్ దగ్గరి ఒక ప్రైవేటు స్థలంలో ఉన్నాం. అక్కణ్నుంచి పార్కు గేటుకి చేరడానికే 30 మైళ్లు పోవాలి. గేటు దగ్గర జులై నెల పొద్దుటి క్యూ సంగతి వెళ్లినవాళ్లకు తెలుసు.

ఇదేంటని అడిగితే నిర్వాహకుడు, "పార్కువాళ్లు ఆఖరి నిమిషంలో క్యాన్సిల్ చేశారక్కా, మీరు టెన్షన్ పడకండి, రేపు రాత్రి లోపలే" అన్నాడు. ఆ రోజే మావారు మాడిసన్ ఆఫీసుకి వెళ్లి అడిగారు. క్యాన్సిల్ కావడం కాదు, ఆ మనిషి పేరు మీద గానీ ఆ సంస్థ పేరు మీద గానీ అసలు బుకింగే లేదన్నారు.

పార్కులో క్యాంపింగ్ ఎలా నడుస్తుందో కొంచెం తెలిస్తే చాలు, ఇలాంటి అబద్ధం ఫోన్‌లోనే పట్టేయొచ్చు. ఎల్లోస్టోన్‌లో 12 క్యాంప్‌గ్రౌండ్లు ఉన్నాయి. ఐదింటిని పార్కు తరఫున ఒక కాంట్రాక్టు కంపెనీ చూసుకుంటుంది. మిగతా ఏడూ నేషనల్ పార్క్ సర్వీస్ చేతిలోనే ఉంటాయి, వాటి బుకింగ్ రిక్రియేషన్ డాట్ గవ్‌లో. ఎక్కడ బుక్ చేసినా ఒక నంబర్ వస్తుంది. మామూలు సైటులో ఆరుగురికి మించి ఉండనివ్వరు. అంతకన్నా పెద్ద బృందమైతే గ్రూప్ సైట్ కావాలి. అవి మాడిసన్, గ్రాంట్ విలేజ్, బ్రిడ్జ్ బే, ఈ మూడింట్లోనే ఉన్నాయి. పాతికమందిని పోగేసి ఈ మూడూ కాని చోట గ్రూప్ సైట్ ఉందని ఎవరైనా చెబితే అక్కడే ఆగిపోండి. ఈ మూడింట్లో ఒకటి చెప్పినా నంబర్ అడగండి. వేసవి తేదీలు నెలల ముందే నిండిపోతాయి కాబట్టి, "ముందు డబ్బు కట్టండి, తర్వాత బుక్ చేస్తాం" అన్నమాట అస్సలు నమ్మొద్దు.

రెండో రాత్రి జరిగింది ఇంకా ఘోరం. చెప్పినట్టే పార్కు లోపల ఫిషింగ్ బ్రిడ్జ్ అనే చోటికి తీసుకెళ్లాడు. ఈసారి బుకింగ్ నిజంగానే ఉంది. పొద్దు వాలుతుండగా చేరాం. కౌంటర్లో ఉన్న ఆవిడ మా కాగితం చూసి, తలెత్తి అద్దంలోంచి వ్యాన్ల వైపు చూసి, "మీ ఆర్వీలు ఏవి?" అని అడిగింది. టెంట్లు వేసుకుంటామని అతను అనగానే, కాగితం మా వైపు తిప్పి ఒక లైను కింద వేలు పెట్టి చూపించింది. ఫిషింగ్ బ్రిడ్జ్‌లో గట్టి గోడలున్న ఆర్వీలకే, అంటే లోపలే పడుకునే ఇల్లులాంటి బండ్లకే అనుమతి. టెంట్లు నిషేధం, గుడ్డ గోడలుండే పాప్-అప్ ట్రెయిలర్లు కూడా నిషేధం. ఎల్లోస్టోన్ సరస్సులోంచి నది బయటికొచ్చే చోటు అది, గ్రిజ్లీ ఎలుగుబంట్లు బాగా తిరిగే ప్రాంతం. ఆ నిబంధన బుకింగ్ చేసేటప్పుడే కనబడుతుంది. అది చదివి కూడా, సైటు దొరికింది కదా అని పిల్లలున్న పాతికమందిని ఆ చోట గుడ్డ టెంట్లలో పడుకోబెట్టడానికి తెగించాడు. ఆవిడ ఒప్పుకోకపోవడం మా అదృష్టం.

అప్పుడు చీకట్లో మళ్లీ ఐలండ్ పార్క్‌కి వెనక్కి. రెండో వ్యాను నడపాల్సిన డ్రైవర్ సాల్ట్ లేక్‌లోనే రాలేదు కాబట్టి మా బృందంలోని ఒకాయనే నడుపుతున్నారు. అద్దె ఒప్పందంలో ఆయన పేరు లేదు. ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వర్తించదన్న భయంతో ఆయన చేతులు స్టీరింగ్ మీద బిగుసుకుపోయాయి. దారి హేడెన్ వ్యాలీ మీదుగా. అక్కడ బైసన్ మందలు రోడ్డు మీదే నిలబడి ఉంటాయి. ముదురు గోధుమరంగు ఒంటితో చీకట్లో అవి దగ్గరికి వచ్చేదాకా కనబడవు. ఒకచోట హెడ్‌లైట్ల వెలుగులో ఉన్నట్టుండి ఒక పెద్ద తల కనిపించి సడన్ బ్రేక్ వేస్తే, వెనక సీట్లోని పిల్లలు కెవ్వుమన్నారు. ఆ తర్వాత గమ్యం చేరేదాకా వ్యాన్లో ఎవరూ మాట్లాడలేదు.

చలి గురించి కూడా చెప్పాలి. డాలస్‌లో వంద డిగ్రీల ఎండలో కూర్చుని ప్యాకింగ్ చేస్తాం కాబట్టి మనకు ఊహకు అందదు. పార్కులో చాలా భాగం 7,500 అడుగుల పైన ఉంటుంది. నడివేసవిలో కూడా ఎత్తైన చోట్ల రాత్రిళ్లు నీళ్లు గడ్డకట్టేంత చలి పడుతుంది. వాళ్లిచ్చిన స్లీపింగ్ బ్యాగులు మన ఇంట్లో ఏసీ గదికి కప్పుకునే దుప్పటంత పల్చగా ఉన్నాయి. మా మామయ్యగారికి షుగరు, డెబ్బై దాటిన మనిషి. ఆయన వణుకు ఆగకపోతే వ్యాను హీటరు వేసి అందులోనే పడుకోబెట్టాం. "వద్దులేమ్మా, పిల్లల్ని పడుకోబెట్టండి" అంటూనే ఉన్నారు. స్లీపింగ్ బ్యాగు మీద ఎన్ని డిగ్రీల వరకు పనికొస్తుందో రాసి ఉంటుంది. ఆ లేబుల్ ఫొటో ముందే పంపమని అడగండి.

మన తెలుగు భోజనం మాట నిజమే. రుచిగానే వండారు. కానీ చికెన్ బిర్యానీ గుండిగ, పెరుగు, నూనె సీసాలు అన్నీ టెంట్ల పక్కన బల్ల మీదే వదిలేసి పడుకున్నారు. ఎలుగుబంట్లున్న ప్రాంతంలో ఇది ప్రాణాలతో చెలగాటం. పార్కులో తిండి, కూలరు, స్టవ్వు, ఎంగిలి గిన్నెలు, చెత్త, చివరికి టూత్‌పేస్టు, సబ్బు కూడా రాత్రిపూట తాళం వేసిన బండిలోగానీ, ఎలుగుబంట్లు తెరవలేని ఇనప పెట్టెలోగానీ పెట్టాల్సిందే. మేమున్న ప్రైవేటు స్థలం యజమాని టార్చిలైటుతో వచ్చి అందరినీ లేపి, దగ్గరుండి గిన్నెలన్నీ వ్యాన్లోకి ఎక్కించాడు. మనుషుల తిండికి అలవాటుపడిన ఎలుగుబంటిని చివరికి చంపెయ్యాల్సి వస్తుందని ఆయన బాధపడుతూ చెప్పాడు.

ఎలుగుబంటి మీదికొస్తే కొట్టే ఘాటైన బేర్ స్ప్రే అయితే ఎవరికీ ఇవ్వలేదు. ముందు పంపిన సామాన్ల జాబితాలో "ఎవరిది వాళ్లే తెచ్చుకోండి" అని రాశారు. విమానంలో బేర్ స్ప్రే చేతి సంచిలోనే కాదు, చెక్-ఇన్ సామానులో కూడా నిషేధం. మా బృందంలో రెండు కుటుంబాలవి ఎయిర్‌పోర్టులోనే తీసేసుకున్నారు. అక్కడికి చేరాకే కొనుక్కోవాలి. పార్కు లోపల కాన్యన్ విలేజ్‌లో అద్దెకు కూడా దొరుకుతుంది.

జంతువుల్ని దగ్గరగా చూపిస్తామన్న మాట వింటేనే ఇప్పుడు నాకు ఒళ్లు మండుతుంది. పార్కు నియమం ప్రకారం బైసన్‌కి, ఎల్క్ అనే పెద్ద జింకకి కనీసం 25 గజాల దూరంలో, ఎలుగుబంట్లకి, తోడేళ్లకి కనీసం 100 గజాల దూరంలో ఉండాలి. ఇతను మాత్రం గడ్డి మేస్తున్న ఒక మగ బైసన్ దగ్గర వ్యాన్ ఆపి, "దిగండి, ఫొటోకి ఇంతకన్నా మంచి చాన్స్ రాదు" అని పిల్లల్ని దింపాడు. అది మేయడం ఆపింది. తోక నిటారుగా పైకి లేపింది. కోపం వచ్చిందనడానికి అదే గుర్తు. పక్క కారులోని ఒక అమెరికన్ ముసలావిడ అద్దం దించి గట్టిగా కేకలేస్తే, మా అత్తయ్య పరుగున వెళ్లి పిల్లల్ని రెక్క పట్టుకుని లాక్కొచ్చారు. బైసన్ బరువు దాదాపు టన్ను ఉంటుంది, గంటకు 35 మైళ్ల వేగంతో పరిగెత్తుతుంది. పిల్లలు దాన్ని దాటి ఎక్కడికి పరిగెత్తుతారు?

నేల కూడా అంతే ప్రమాదం. ఎల్లోస్టోన్ అంటే సుమారు 6,40,000 ఏళ్ల కిందట పేలి కుంగిపోయిన అగ్నిపర్వతం నోరు. ఆ వేడి ఇప్పటికీ కిందే ఉంది. వేడినీటి బుగ్గల చుట్టూ నేల చూడ్డానికి గట్టిగానే ఉంటుంది, అడుగేస్తే పెళ్లలా విరిగిపోతుంది, కింద మరిగే నీళ్లు. ఇప్పటిదాకా 20 మందికి పైగా ఆ నీళ్లలో కాలి చనిపోయారు. 2016లో పార్కులోని నోరిస్ దగ్గర చెక్కబాట దిగి వెళ్లిన ఒక యువకుడి శరీరం కూడా దొరకలేదు. మాకిచ్చిన కార్యక్రమంలో బిస్కెట్ బేసిన్ అని ఒక చోటు రాశారు. 2024 జులై 23న అక్కడ నేల కింది ఆవిరి పేలి, రాళ్లూ బురదా ఎగిసిపడి చెక్కబాట ముక్కలైంది. మేం వెళ్లేనాటికీ ఆ చోటు మూసేసే ఉంది. అప్పటికి ఏడాది ముందే మూసేసిన చోటుని చూపిస్తానని డబ్బు తీసుకున్నాడంటే, పార్కు వెబ్‌సైటు ఒక్కసారైనా తెరిచి చూడలేదన్నమాట.

డబ్బు తీసుకుని పార్కులో టూర్లు నడిపే ఎవరికైనా పార్కు ఇచ్చే అనుమతి ఉండాలి. దాన్ని కమర్షియల్ యూజ్ ఆథరైజేషన్ అంటారు. అనుమతి ఉన్న సంస్థల పేర్లు పార్కు వెబ్‌సైట్లోనే ఉంటాయి. "మేం కంపెనీ కాదండి, ఫ్రెండ్స్‌లా కలిసి వెళ్తున్నాం" అని తప్పించుకుంటారు. లాభం తీసుకుంటూ తీసుకెళ్తే అది వ్యాపారమే.

అన్నీ కలిపి రేటు అన్నచోట ఈ ఏడాది ఇంకో మెలిక ఉంది. 2026 జనవరి 1 నుంచి అమెరికా నివాసులు కానివాళ్లలో 16 ఏళ్లు, ఆపై వయసున్నవాళ్లకు ఏడాది పాస్ లేకపోతే ఎల్లోస్టోన్‌తో సహా 11 పార్కుల్లో మామూలు రుసుము కాక మనిషికి అదనంగా 100 డాలర్లు పడుతుంది. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు ఇది వర్తిస్తుంది. రేటులో ఇది ఉందో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. లేకపోతే గేటు దగ్గర మీ జేబులోంచే పోతుంది.

తిరిగొచ్చాక డబ్బు అడిగితే, మొదట "చూద్దాం అక్కా" అన్నాడు. తర్వాత ఫోన్లు ఎత్తలేదు. ఆపైన మమ్మల్ని గ్రూపులోంచి తీసేసి పాత మెసేజీలు చెరిపేశాడు. మాలో క్రెడిట్ కార్డుతో కట్టిన రెండు కుటుంబాలకు బ్యాంకు ద్వారా సగానికి పైగా వెనక్కి వచ్చింది. జెల్‌లో (Zelle, బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే పద్ధతి) పంపినవాళ్లకు ఒక్క డాలరూ రాలేదు. జెల్ అంటే చేతికి నోట్లు ఇచ్చినట్టే, మనంతట మనం పంపాక వెనక్కి తెప్పించే దారి దాదాపు ఉండదు. "కార్డయితే మూడు శాతం ఎక్కువ" అంటే ఆ మూడు శాతం కట్టేయండి.

ఈ సీజన్‌కి ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లు ఇవాళే క్యాంప్‌గ్రౌండ్ పేరు, బుకింగ్ నంబర్, పార్కు అనుమతి కాగితం అడగండి. నంబర్ ఇస్తే ఆ క్యాంప్‌గ్రౌండ్‌కి మీరే ఫోన్ చేసి, ఎన్ని సైట్లు, ఎంతమందికి, టెంట్లకు అనుమతి ఉందా అని అడగండి. ప్రకటన, చాటింగ్, డబ్బు పంపిన రసీదు, అన్నీ గ్రూపులో ఉండగానే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. చెప్పిన సేవ ఇవ్వకపోతే కార్డు బ్యాంకుకి స్టేట్‌మెంట్ వచ్చిన 60 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. మీ రాష్ట్రం అటార్నీ జనరల్ ఆఫీసులో వినియోగదారుల ఫిర్యాదు ఇవ్వొచ్చు, దానికి ఖర్చు లేదు. టెక్సాస్‌లో అయితే 20,000 డాలర్ల వరకు జస్టిస్ కోర్టులో లాయరు లేకుండా మనమే కేసు వేసుకోవచ్చు. జెల్‌లో కట్టిన మా కుటుంబాలు ఇప్పుడు ఆ పనిలోనే ఉన్నాయి.