ఫిలడెల్ఫియా శివార్లలో మూడు చిన్న కాలేజీలు

ఇంట్లో పదకొండో క్లాసు పిల్ల ఉంటే అమెరికాలో ఆ ఏడాది సెలవులన్నీ కాలేజీలు చూడ్డానికే సరిపోతాయి. మనవాళ్లు మామూలుగా పెద్ద స్టేట్ యూనివర్సిటీలు, పేరు మోసిన ఇంజనీరింగ్ కాలేజీలు చుట్టేసి వచ్చేస్తారు. చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీ, అంటే సైన్సూ సాహిత్యమూ అన్నీ కలిపి డిగ్రీ చదివించే కాలేజీ, అనగానే "అక్కడేం నేర్పుతారు, బొమ్మలెయ్యడమా?" అని అడిగే చుట్టాలు మాకూ ఉన్నారు. మా అమ్మాయి మాత్రం స్వార్త్‌మోర్, హావర్‌ఫర్డ్, బ్రిన్ మార్ చూపించాల్సిందేనని పట్టుబట్టింది. మూడూ క్వేకర్లు, అంటే యుద్ధం వద్దనే ఒక క్రైస్తవ శాఖ వాళ్లు, పెట్టినవే. వేటిలోనూ డిగ్రీ విద్యార్థులు రెండు వేల మంది ఉండరు. ఫిజిక్స్, లెక్కలు, కంప్యూటర్ సైన్స్ అన్నిచోట్లా ఉన్నాయి. స్వార్త్‌మోర్‌లో ఇంజనీరింగ్ కూడా ఉంది. ఒక కాలేజీలో చేరిన పిల్లలు మిగతా రెండింట్లో కూడా క్లాసులు తీసుకోవచ్చు.

ముందు బస సంగతి చెప్తాను, ఎందుకంటే మా డబ్బు తగలబడింది అక్కడే. మొదట హైవే పక్కన ఒక మోటెల్ తీసుకున్నాం. ఫొటోల్లో బాగానే ఉంది. రాత్రంతా లారీల మోత, పొద్దున చెప్పిన టైముకంటే ముందే టిఫిన్ ఎత్తేశారు, ఎక్కడికి వెళ్లాలన్నా క్యాబే గతి. మర్నాడే ఖాళీ చేసి ఊళ్లోకి, థర్టీయెత్ స్ట్రీట్ స్టేషన్‌కి నడిచి వెళ్లగలిగే హోటల్‌కి మారాం. అద్దె ఎక్కువైనా క్యాబుల ఖర్చు తప్పింది. మూడు కాలేజీలకీ ఆ స్టేషన్ నుంచి సెప్టా (అక్కడి రవాణా సంస్థ) వాళ్ల లోకల్ రైళ్లున్నాయి. స్వార్త్‌మోర్‌ది మీడియా-వావా లైను, మిగతా రెండూ పావోలీ లైనులో పక్కపక్క స్టేషన్లు. ఒక లైను మీంచి ఇంకోదానికి మారాలంటే మళ్లీ ఊళ్లోకి రావాల్సిందే. కాబట్టి స్వార్త్‌మోర్‌కి ఒక రోజు, ఆ జంటకి ఒక రోజు పెట్టుకోండి. రైలు తప్పిపోతే తర్వాతది ఎప్పుడో చూసుకుని మరీ కాఫీకి కూర్చోండి.

స్వార్త్‌మోర్‌లో రైలు దిగితే చాలు, కాలేజీ ఎక్కడని ఎవర్నీ అడగక్కర్లేదు. స్టేషన్ నుంచే రెండు పక్కలా ఓక్ చెట్లతో తిన్నగా గుట్ట మీదికి దారి, పైన కాలేజీ ప్రధాన భవనం పారిష్ హాల్. 1864లో కాలేజీ పెట్టారు, 1869లో పాఠాలు మొదలయ్యాయి, మొదటి రోజు నుంచీ ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసే చదివారు. పెట్టినవాళ్లలో బానిసత్వం మీద పోరాడిన లుక్రీషియా మాట్ ఉన్నారు. పారిష్ హాల్ 1881లో కాలిపోతే మళ్లీ కట్టుకున్నారు. వాళ్ల గుర్తు బూడిదలోంచి మళ్లీ లేచే ఫీనిక్స్ పక్షి అయింది అందుకే. నాకు నచ్చిందేమిటంటే ఆ భవనంలో కింద అడ్మిషన్ ఆఫీసు, పై అంతస్తుల్లో పిల్లల హాస్టల్ గదులు. ముందున్న పచ్చిక వాలుని "బీచ్" అంటారు. సముద్రం జాడ లేదు గానీ మనిషి కూర్చుంటే కాళ్లు అందనంత పెద్ద తెల్ల కుర్చీ ఒకటుంది. ఫొటో కోసం క్యూ.

దాదాపు 425 ఎకరాల ప్రాంగణం మొత్తం ఒక వృక్షోద్యానం. స్కాట్ ఆర్బొరేటమ్ పేరుతో 1929 నుంచి నడుస్తోంది. చెట్లకి పేర్లు రాసిన చిన్న పలకలు ఉన్నాయి, లోపలికి టికెట్టు లేదు. కాలేజీతో పనిలేకపోయినా ఇది చూడ్డానికే వెళ్లచ్చు. ఇంత చెప్పాక ఆంఫీథియేటర్ గురించి చెప్పకపోతే తప్పు. అడవి అంచున వాలులో రాతి గోడలతో మెట్లు, మెట్ల మీద సిమెంటు కాదు గడ్డి, కూర్చునే వరసల మధ్యలోంచే నిటారుగా లేచిన ట్యూలిప్ చెట్లు. పైకి చూస్తే ఆకుల కప్పు. 1942లో కట్టారు. డిగ్రీ పట్టాలు ఇక్కడే ఇస్తారు, పట్టా తీసుకునే ప్రతి పిల్లా పిల్లాడూ కాలేజీ గులాబీ తోటలోంచి ఒక పువ్వు పెట్టుకుంటారు. కొత్తగా చేరినవాళ్లని కూడా మొదట కూర్చోబెట్టేది ఈ మెట్ల మీదే.

టూర్‌కి వచ్చిన అమ్మాయి వెనక్కి నడుస్తూ గలగలా చెప్పింది. అన్ని కాలేజీల్లో టూర్లూ ఇంచుమించు ఒకటే: లైబ్రరీ, జిమ్, "మా ప్రొఫెసర్లకి మేం పేరుపేరునా తెలుసు". అసలు కబుర్లు మనం అడిగితే వస్తాయి. అడిగితే మెక్‌కేబ్ మైల్ సంగతి చెప్పింది. లైబ్రరీ అడుగు అంతస్తులో పుస్తకాల బీరువాల చుట్టూ 18 చుట్లు పరుగెత్తే పందెం. గెలిచినవాళ్లకి బహుమతి టాయ్‌లెట్ పేపర్. ఆ లైబ్రరీ పేరు టాయ్‌లెట్ పేపర్ చేసిన స్కాట్ పేపర్ కంపెనీ అధిపతిది మరి! చదువు మాత్రం సరదా కాదు. 1922లో ఫ్రాంక్ ఎయిడెలాట్ ప్రెసిడెంటుగా ఉన్నప్పుడు మొదలుపెట్టిన ఆనర్స్ పద్ధతి ఇప్పటికీ ఉంది. కొద్దిమందితో సెమినార్లు, చివర్లో పరీక్ష పెట్టేది వాళ్ల మేష్టార్లు కాదు, బయటి యూనివర్సిటీల నుంచి వచ్చినవాళ్లు. మొదటి సెమిస్టర్‌కి గ్రేడ్లు లెక్కలోకి రావు, పాసయ్యారా లేదా అంతే. ఈ ఒక్క మాటకే మా అమ్మాయి మొహం విప్పారింది.

భోజనానికి కొత్త డైనింగ్ హాల్లో బయటివాళ్లూ డబ్బులిచ్చి తినచ్చు. శాకాహారం బానే ఉంది, ఉప్పూ కారం మీ వెంట ఉంటే ఇంకా బావుంటుంది. స్టేషన్ దాటితే 1937 నాటి సహకార కిరాణా దుకాణం ఉంది, శాండ్‌విచ్‌లకి అదే మేలు. కాలేజీ సొంత హోటల్ 'ఇన్' 2016లో తెరిచారు, ప్రాంగణంలోనే ఉంది. నడక కలిసొస్తుంది. మోటెల్ రేట్లకి మాత్రం దొరకదు, డిగ్రీ పట్టాలిచ్చే రోజుల్లో గది దొరుకుతుందని అసలు ఆశపడకండి.

డబ్బు గురించి ఇంకో మాట. అమెరికా పౌరులకీ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకీ స్వార్త్‌మోర్‌లో సీటిచ్చేటప్పుడు కుటుంబ స్తోమత చూడరు. సాయం కూడా అప్పు రూపంలో కాకుండా గ్రాంటుగా ఇస్తారు. విదేశీ విద్యార్థుల విషయంలో స్తోమత చూస్తారు. హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగుల కుటుంబాలకిచ్చే వీసా) మీదున్న మన పిల్లల్ని ఏ లెక్కలో వేస్తారో ప్రతి కాలేజీనీ ముందే ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. టూర్ పిల్లల్ని అడిగితే పాపం నవ్వుతారు, వాళ్లకి తెలీదు.

హావర్‌ఫర్డ్ 1833 నాటిది. చాలాకాలం మగపిల్లలకే, 1980 నుంచి అందరికీ. కంటికి స్వార్త్‌మోర్ అంత జిగేల్‌మనదు. బాతుల చెరువు, చుట్టూ రెండు మైళ్ల పైచిలుకు నడకదారి, నల్ల ఉడతలు. ఆ నల్ల ఉడతే వాళ్ల గుర్తు. కానీ నన్ను నిలబెట్టింది ఆనర్ కోడ్, అంటే నిజాయితీగా మెలగడానికి పెట్టుకున్న నియమాలు. 1897 నుంచి నడుస్తున్న ఈ నియమావళిని రాసుకునేదీ నడిపేదీ పిల్లలే. పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్ ఉండడు. చాలా ఫైనల్ పరీక్షలు ఎప్పుడు రాయాలో కూడా పిల్లలే ఎంచుకుంటారు. ప్లీనరీ అని విద్యార్థులంతా ఒకచోట చేరి, కోడ్‌ని ఏటా మళ్లీ ఓటు వేసి ఒప్పుకోవాలి. ఫ్లయింగ్ స్క్వాడ్ వస్తోందంటే గుండెలు జారిపోయే ఇంటర్ పరీక్షలు రాసిన మా ఆయన నమ్మలేదు. "మరి కాపీ కొట్టరా?" అని టూర్ అబ్బాయిని సూటిగా అడిగేశారు. "కొట్టినవాళ్ల సంగతి తేల్చేది కూడా మేమే అంకుల్, అదింకా కష్టం" అన్నాడు ఆ అబ్బాయి. తెలుగువాడు కాదు గానీ అంకుల్ అన్నాడు!

ఇంకొకటి. అమెరికాలో వర్సిటీ స్థాయి, అంటే కాలేజీ తరఫున అధికారికంగా ఆడే, క్రికెట్ జట్టున్న కాలేజీ ఇదొక్కటే. 1864లోనే పెన్‌తో (యూనివర్సిటీ ఆఫ్ పెన్సిల్వేనియాతో) మ్యాచ్ ఆడారు. కోప్ ఫీల్డ్ అనే మైదానం ఉంది, క్రికెట్ పుస్తకాలకి ప్రత్యేకంగా ఒక లైబ్రరీ ఉంది. అక్కడి నుంచి మా ఆయన్ని కదిలించడానికి పట్టిన టైముతో బ్రిన్ మార్ టూర్ సగం పోయింది.

హావర్‌ఫర్డ్ నుంచి బ్రిన్ మార్ మైలు దూరం, రైల్లో ఒక్క స్టేషన్. 1885లో ఆడపిల్లల కోసం పెట్టారు, ఇప్పటికీ డిగ్రీ వరకు మహిళా కాలేజీయే. బూడిదరంగు రాతి గోపురాలు, తోరణాలు చూస్తే మూడింట్లో అందమైన కట్టడాలివే. సంప్రదాయాలు కూడా వీళ్లకే ఎక్కువ. శరదృతువులో లాంతరు రాత్రి: కొత్త పిల్లలు నల్ల గౌన్లలో చీకట్లో నిలబడితే రెండో ఏడాది పిల్లలు ఆ కొత్తవాళ్ల బ్యాచ్ రంగు లాంతరు తెచ్చి ఇస్తారు, గ్రీకులో పాటలు పాడతారు. మేడే నాడు పొద్దున్నే స్ట్రాబెర్రీలు, ఆ తర్వాత రంగు రిబ్బన్ల కంబం చుట్టూ ఆట. గ్రేట్ హాల్లో గ్రీకుల జ్ఞానదేవత ఎథీనా విగ్రహం పాదాల దగ్గర చాక్లెట్లు, చీటీలు, పూసలు కుప్పగా ఉన్నాయి. పరీక్షల మొక్కులట. మడత విప్పి ఉన్న ఒక చీటీలో ఆర్గానిక్ కెమిస్ట్రీ అన్న మాట కనిపించింది.

పాత లైబ్రరీ మధ్యలో నాలుగు పక్కలా వసారాలున్న ముంగిలి ఉంది. ఆ వసారా నేల కింద గణిత శాస్త్రవేత్త ఎమ్మీ నోథర్ అస్థికలున్నాయి. నాజీలు ఉద్యోగం తీసేస్తే 1933లో ఇక్కడికొచ్చి పాఠాలు చెప్పి, 1935లో పోయారు. టూర్‌లో ఈ మాట చెప్పలేదు, నేను అడిగితే చూపించారు. లెక్కలు చదివే పిల్లలు వచ్చే చోట ముందు చూపించాల్సింది అదే కదా అనిపించింది నాకు.

దరఖాస్తుల జాబితాలో ప్రస్తుతానికి స్వార్త్‌మోర్, హావర్‌ఫర్డ్ ఉన్నాయి. బ్రిన్ మార్‌కి కూడా వెయ్యమని నేను, ఎందుకని మా అమ్మాయి. "హావర్‌ఫర్డ్‌లో చేరినా ఆ క్లాసులు తీసుకోవచ్చు కదమ్మా, లాంతరు ఒక్కటేగా పోయేది" అంటుంది. అక్టోబరు దాకా టైముంది, ఇంకా వాదించుకుంటూనే ఉన్నాం.