ఈఆర్, పీఆర్ పరీక్ష: ఏ పద్ధతి మేలు?

రొమ్ము క్యాన్సర్ అని బయాప్సీలో తేలగానే డాక్టరు చూసేది ఈఆర్ (ఈస్ట్రోజన్ రిసెప్టర్), పీఆర్ (ప్రొజెస్టెరాన్ రిసెప్టర్) రిపోర్టు. రిసెప్టర్లంటే ఆ హార్మోన్లను పట్టుకునే, కణాల్లోని ప్రొటీన్లు. కణాల్లో ఈస్ట్రోజన్ రిసెప్టర్లు ఉంటే టామోక్సిఫెన్ లాంటి హార్మోన్ మందులు పనిచేసే అవకాశం ఉంటుంది. లేకపోతే ఆ దారి దాదాపు మూసుకుపోయినట్టే.

ఒకప్పుడు ఈ పరీక్షకు తాజా కణితి ముక్కను అతిశీతలంలో భద్రపరిచి, మెత్తగా నూరి, రేడియోధార్మిక ఈస్ట్రడయాల్ కలిపి ఎంత అతుక్కుందో కొలిచేవారు. చాలా ల్యాబుల్లో మిల్లీగ్రాము ప్రొటీనుకు 10 ఫెమ్టోమోల్స్ (అతి సూక్ష్మ పరిమాణాలను కొలిచే ప్రమాణం) వస్తే పాజిటివ్. కచ్చితమైన అంకె చేతికొస్తుంది, నిజమే. కానీ నూరేశాక అందులో క్యాన్సర్ కణాలెన్ని, మామూలు కణాలెన్ని అన్నది ఎవరు చెప్పగలరు? పైగా రోగి ఒంట్లోని ఈస్ట్రోజనే రిసెప్టర్లను ఆక్రమించి ఉంటే ఫలితం తక్కువగా వచ్చేది. సూదితో తీసే ఇప్పటి సన్నని ముక్కలైతే దీనికి చాలవు కూడా.

ఇప్పటి పద్ధతి ఐహెచ్‌సీ (ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ). ఇందులో కణితి ముక్కను మైనంలో పొదిగిన పారాఫిన్ బ్లాకు నుంచి పల్చని పొర కోసి, రిసెప్టర్‌కు అతుక్కునే యాంటీబాడీతో రంగు తెప్పిస్తారు. రిసెప్టర్ ఉన్న కణాల కేంద్రకాలు గోధుమ రంగులో కనిపిస్తాయి. ఏ కణానికి రంగు పట్టిందో పాథాలజిస్టు కళ్లారా చూస్తారు. 1999లో 1,982 మంది కణితులపై వచ్చిన అధ్యయనంలో, హార్మోన్ చికిత్స ఎవరికి మేలు చేస్తుందో చెప్పడంలో పాత పద్ధతి కంటే ఇదే ముందు నిలిచింది. నా ఓటూ దీనికే.

అయితే దీని గుట్టంతా ఫార్మలిన్‌లో, అంటే ముక్క చెడకుండా భద్రపరిచే ద్రవంలో ఉంది. ముక్కను గంటలోపు అందులో వేయాలి, 6 నుంచి 72 గంటలు ఉంచాలి. తేడా వస్తే ఉన్న రిసెప్టర్ కూడా కనబడకపోవచ్చు. అందుకే పక్కనున్న మామూలు పాల నాళాలకు రంగు పట్టిందా అని చూస్తారు. వాటికీ పట్టకపోతే ఆ నెగెటివ్‌ను నమ్మకూడదు. 1 శాతం కణాలకు రంగు పట్టినా పాజిటివే. ఈఆర్ 1 నుంచి 10 శాతం మధ్య ఉంటే 2020 నుంచి ‘లో పాజిటివ్’ అని విడిగా రాయమంటున్నారు.

ఇక కణితిలోని 21 జన్యువులను చూసే ఆంకోటైప్ డీఎక్స్ అనే పరీక్ష ఈఆర్ జన్యువు చురుకుదనాన్నీ కొలుస్తుంది. కానీ ఖరీదెక్కువ, దాని అసలు పని కీమో అవసరమా కాదా తేల్చడం. ఐహెచ్‌సీకి బదులుగా దాన్ని చేయించుకోనక్కర్లేదు.

గ్రేడ్ 1 కణితికి (కణాలు మామూలు వాటికి దగ్గరగా కనిపించే రకం) ఈఆర్ నెగెటివ్ అని వస్తే మాత్రం అనుమానించాల్సిందే. అలాంటివి దాదాపు అన్నీ పాజిటివే కాబట్టి, ఆపరేషన్‌లో తీసిన ముక్క మీద మళ్లీ చేయించమని డాక్టరుని అడగండి.