కుక్క పాదాలు కడిగే కప్పు: రేగడి బురదకు ఎంతవరకు పనికొస్తుంది?

వానాకాలంలో కుక్కను బయట తిప్పి తెచ్చేవారి కోసం పాదాలు కడిగే కప్పు ఒకటి ఆన్‌లైన్‌లోనూ, పెంపుడు జంతువుల సామగ్రి అమ్మే దుకాణాల్లోనూ దొరుకుతోంది. అది లోతైన ప్లాస్టిక్ కప్పు. లోపల చుట్టూ మెత్తని సిలికాన్ పళ్లున్న తొడుగు ఉంటుంది. సగం వరకు నీళ్లు పోసి, కుక్క కాలిని అందులోకి దించి, కప్పును అటూ ఇటూ మెల్లగా తిప్పితే ఆ పళ్లు పాదాన్ని రుద్ది బురదను వదిలిస్తాయి. దాదాపు ఒకే తరహా వస్తువును చాలా పేర్లతో అమ్ముతున్నారు కనుక ఇక్కడ ఏ కంపెనీ పేరూ ప్రస్తావించడం లేదు. పెద్ద సైజు కప్పును మా ల్యాబ్రడార్‌కు, మధ్య సైజును పక్కింటివారి నాటుకుక్కకు వాడి చూశాక ఈ సమీక్ష రాస్తున్నాను.

మేముండేది గుంటూరు శివార్లలో, సగం ప్లాట్లు ఇంకా ఖాళీగానే ఉన్న ఒక లేఅవుట్‌లో. ఈ వివరం అవసరమే, ఎందుకంటే ఈ కప్పు పనితనం మట్టిని బట్టి మారుతుంది. ఇసుక గాని, ఎర్ర చెలక మట్టి గాని నీళ్లు తగలగానే చాలావరకు విడిపోతుంది. నల్లరేగడి అలా కాదు. అది వేళ్ల సందుల్లోనూ, పాదం మధ్యనుండే పెద్ద మెత్తకు ముందున్న గుంటలోనూ చేరి, అక్కడి వెంట్రుకలను కూడా కలుపుకొని ఉండగట్టి, ఆరిన తర్వాత కుక్క అడుగు వేసినప్పుడల్లా చర్మాన్ని ఒరుస్తుంది. కప్పులోని పళ్లు పాదం పైభాగాన్ని, పక్కలను, గోళ్లను చక్కగా శుభ్రం చేస్తాయి గాని ఈ సందుల్లోకి పోవు. పైగా ల్యాబ్రడార్ వేళ్ల మధ్య ఈతకు పనికొచ్చే చర్మపు పొర ఉంటుంది కనుక, అక్కడి బురదను వేలితో తీయక తప్పడం లేదు.

ప్రకటనల్లో నాలుగు కాళ్లనూ ఒకే నీళ్లలో ముంచి చూపిస్తారు. రేగడి నేలలో మొదటి కాలికే ఆ నీళ్లు నల్లబడతాయి. రెండో కాలిని బురదలోంచి తీసి బురదలోనే పెట్టినట్టవుతుంది. కాబట్టి ప్రతి కాలికీ నీళ్లు మార్చాలి. ఏదైనా ఒక పాదానికి పుండో ఫంగసో ఉంటే దాన్ని చివర కడిగి, కప్పును కూడా సబ్బుతో కడిగి పెట్టాలి. నీళ్లలో కొంచెం షాంపూ కలపమని ప్యాకెట్ మీద ఉన్న సలహా నాకు నచ్చలేదు, ఎందుకంటే ఈ కప్పుతో నురుగును పూర్తిగా వదిలించడం కుదరదు, మిగిలినదాన్ని కుక్క నాకేస్తుంది. రోజువారీ బురదకు గోరువెచ్చని మంచినీళ్లు చాలు. చర్మవ్యాధికి పశువైద్యులు రాసే క్లోర్‌హెక్సిడిన్ షాంపూ ఫలితమివ్వాలంటే కొన్ని నిమిషాలు చర్మం మీద ఉండాలి, తర్వాత ధారగా నీళ్లు పోసి కడగాలి. ఆ పనికి బేసినూ చెంబే మేలు.

అసలు సంగతి ఆరబెట్టడంలో ఉంది, దాని గురించి ప్యాకెట్ మీద ఒక్క మాట కూడా లేదు. మలసేజియా అనే ఈస్ట్ ఆరోగ్యంగా ఉన్న కుక్క చర్మం మీద కూడా కొద్దిగా ఉంటుంది. వేళ్ల సందులు తడిగా ఉండిపోతే అది పెరిగి, చర్మం ఎర్రబడి, పుల్లని వాసన వేసి, దురద పుడుతుంది. కుక్క నాకేకొద్దీ తడి ఇంకా పెరుగుతుంది. తెల్ల వెంట్రుకలున్న కుక్కలకైతే లాలాజలం వల్ల ఆ చోటు తుప్పురంగుకు తిరుగుతుంది. తడిగుడ్డతో తుడిచినదానికంటే ఈ కప్పు పాదాన్ని ఎక్కువగా నానబెడుతుంది కనుక, కడిగి ఆరబెట్టకుండా వదిలేయడం కంటే బురద ఎండాక దులిపి తుడవడమే నయమని నా అభిప్రాయం. మైక్రోఫైబర్ తువ్వాలు మంచిదే, మెత్తబడిన పాత నూలు పంచె కూడా అంతే బాగా పీలుస్తుంది. తువ్వాలు ఏదైనా, ఒక్కొక్క వేలినీ విడదీసి సందులో అద్దాలి. పౌడరు చల్లితే అది తడితో కలిసి ముద్దకడుతుంది, దాని జోలికి పోనక్కరలేదు.

చేత్తో కడిగినప్పుడు కలిగే మరో లాభం కప్పుతో పోతుంది. గోమార్లు వేళ్ల సందుల్లో దాక్కుంటాయి. ఎర్లికియా, బబీసియా వంటి జ్వరాలు వాటి ద్వారానే వస్తాయి. వేలు పెట్టి తడిమితే అవి తెలుస్తాయి, కప్పు తిప్పితే తెలియవు. రోగాల నుంచి రక్షణ అని ప్యాకెట్ మీద వేసుకున్న మాట కూడా అతిశయోక్తే. ఎలుకల మూత్రం కలిసిన నిలవనీటి నుంచి వచ్చే లెప్టోస్పైరోసిస్‌కు ఏటా వేయించే టీకాయే ప్రధాన రక్షణ. అది మనుషులకూ సోకుతుంది కాబట్టి, చేతికి గాయముంటే గ్లౌజులు వేసుకొని కడగడం మంచిది.

మన్నిక విషయంలో ఫిర్యాదు తొడుగు మీదే. ముసురు రోజుల్లో అది సరిగా ఆరదు. పళ్ల మొదళ్లలో జిగురు పట్టి వాసన వస్తుంది. వాడిన ప్రతిసారీ బయటికి తీసి కడిగి, ఎండ వచ్చినప్పుడు ఎండలో పెట్టాలి. కోస్తాలో ఈశాన్య రుతుపవనాల వానలు నవంబరు దాకా ఉంటాయి కనుక ఇది నెలల తరబడి చేయవలసిన పని.

సన్నని పాదాలున్న నాటుకుక్కకు మధ్య సైజు బాగా అమరింది, అదీ పెద్దగా పేచీ పెట్టలేదు. ల్యాబ్రడార్ పాదం పెద్ద కప్పులో పట్టింది గాని తిప్పడానికి చోటు మిగలక, కాలు లాగేసుకుంటోంది. చిన్న కుక్కలకు, అపార్ట్‌మెంట్లలో ఉండేవారికి కొనమని చెబుతాను. రేగడి నేలలో పెద్ద కుక్కను పెంచేవారికి చెప్పను. కొనదలచుకుంటే కుక్క నిలబడి ఉండగా పాదం వెడల్పు కొలవండి, ఎందుకంటే బరువు మోపినప్పుడు వేళ్లు విచ్చుకుంటాయి. దానికంటే కనీసం ఒక వేలెడు వెడల్పు ఎక్కువున్న కప్పును, తొడుగు విడిగా కూడా అమ్మేవారి దగ్గర తీసుకోండి.