తోట ఇంట్లో తుఫాను రోజులకు ఏది మేలు: జనరేటరా, సోలారా?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి చెట్లతో పాటు కరెంటు స్తంభాలూ నేలకూలాయి. చాలా ఊళ్లలో రోజుల తరబడి వెలుగు లేదు, మోటార్లు తిరగక తాగునీరూ లేదు. ఊళ్లోకి లైన్ ఎప్పటికైనా తిరిగి వస్తుంది. అసలు లైనే వేయని తోట ఇంటివాళ్లు మాత్రం ఆ నాలుగైదు రోజుల ఏర్పాటు తామే చేసుకోవాలి.

రాత్రికి రెండు 9 వాట్ల బల్బులు ఐదు గంటలు వెలిగి, రెండు ఫోన్లు ఛార్జి కావడానికి సుమారు 120 వాట్ అవర్లు చాలు. సోలారు ప్యానెల్‌తో ఛార్జి అయ్యే 12 వోల్టుల, 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) లెడ్ యాసిడ్ బ్యాటరీని పాడవకుండా సగం వరకే వాడినా 600 వాట్ అవర్లు వస్తాయి కనుక, ఎండ మొహం చూడకపోయినా నాలుగు రాత్రులు గడుస్తాయి. ఇంత చిన్న అవసరానికి జనరేటరు తిప్పితే గంటకు అర లీటరుకు అటూ ఇటూగా పెట్రోలు పోతుంది, పైగా తుఫాను తర్వాత బంకుకు వెళ్లే దారే ఉండకపోవచ్చు.

నన్ను అన్నిటికంటే భయపెట్టేది పొగ. గాలివానలో జనరేటరును బయట పెట్టలేం, వరండాలోకి తెచ్చి తలుపులు మూస్తే రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. వానకు తడవని చోట, కిటికీలకు దూరంగా విడిగా పాక ఉంటే తప్ప దాన్ని కొనవద్దనే చెబుతాను.

సోలారుకూ బలహీనత ఉంది: పెనుగాలికి ప్యానెల్ రేకుతో సహా లేచిపోతుంది. అందుకే మా ప్యానెల్‌ను నేల మీది స్టాండుకు నాలుగు రెక్కల నట్లతో మాత్రమే బిగించాం. హెచ్చరిక వినగానే ముందు దుప్పటి కప్పి, ఎర్ర దారం కట్టిన ప్లస్ వైరును ఊడదీసి, చేత్తోనే నట్లు తిప్పి మంచం కిందికి చేరుస్తాం. దుప్పటి ఎందుకంటే, వెలుతురు పడుతున్నంతసేపూ ఆ వైర్లలో కరెంటు ఉంటుంది.

నీళ్ల విషయంలో మాత్రం లెక్క మారుతుంది. మనుషులకైతే తాగడానికీ వంటకూ తలకు రోజుకు ఐదు లీటర్లు చొప్పున ముందే డ్రమ్ములు నింపుకుంటే సరిపోతుంది. కానీ పాడి గేదె ఒక్కటే రోజుకు 50 లీటర్ల దాకా తాగుతుంది. రెండు మూడు గేదెలుండి బోరు తప్ప వేరే నీటి ఆధారం లేని ఇంటికి జనరేటరు నిజంగా అవసరమే. అప్పుడు కూడా 1 కేవీఏ (జనరేటరు సామర్థ్యాన్ని చెప్పే కొలత) ఉన్నది తీసుకోవద్దు, ఎందుకంటే అర హెచ్‌పీ మోటారు స్టార్టింగులో మామూలుకు కొన్ని రెట్లు కరెంటు లాగుతుంది. 2 కేవీఏది చూసుకుని, రోజుకు ఒక్క గంట తిప్పి తొట్టి నింపి ఆపేయాలి.

గేదెలు లేని ఇంటికి సోలారే మేలు. ఏది కొన్నా సెప్టెంబరులోనే ఒకసారి పరీక్షించండి: బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ గీత దాకా ఉందో లేదో చూడండి, జనరేటరులో మిగిలిన పాత పెట్రోలు తీసేసి కొత్తది పోసి స్టార్ట్ చేయండి, ఎందుకంటే నెలల తరబడి నిలవున్న పెట్రోలు కార్బొరేటరులో జిగురు కట్టి, తాడు ఎంత లాగినా ఇంజను అందుకోదు.