అబిడ్స్ ఆదివారం పాత పుస్తకాలు: నాకు దొరికిన లండన్ ఫొటోలు

అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒకాయన దగ్గర రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ మీద జరిగిన బాంబు దాడుల ఫొటోల పుస్తకం 150 రూపాయలకు కొన్నాను. నాలుగు పేజీలు లేవు, ఆయన ముందే చెప్పాల్సింది. కానీ బాల్హమ్ హై రోడ్ ఫొటో చూశాక ఆ కోపమే పోయింది. 1940 అక్టోబర్ 14 రాత్రి బాంబు పడి రోడ్డు కుంగితే, శత్రు విమానాలకు కనబడకుండా దీపాలార్పేసిన బ్లాకౌట్ చీకట్లో వచ్చిన 88వ నంబరు డబుల్ డెక్కర్ బస్సు నేరుగా ఆ గోతిలోకే దిగిపోయింది, కింద భూగర్భ స్టేషన్లో తలదాచుకున్నవాళ్ల మీదికి పగిలిన పైపుల నీళ్లు, మట్టి వచ్చిపడి అరవై మందికి పైగా చనిపోయారు. ఆ రోజుల్లో శిథిలాలు తవ్విన రెస్క్యూ దళాల్లో ఇళ్లు కట్టే పనివాళ్లే ఎక్కువ, మధ్యమధ్యలో అందరూ పని ఆపి, లోపల్నుంచి మూలుగేదైనా వినిపిస్తుందేమోనని చెవులు రిక్కించేవాళ్లు. మా అమ్మాయి ఆ బస్సు ఫొటో మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయింది. పొద్దున్నే వెళ్లండి, బేరమాడితే తగ్గిస్తారు, పేజీలు మాత్రం తిరగేసి చూసుకోండి.