ట్రాన్స్‌పాండర్ మొరాయిస్తే ఏది మేలు: బాక్స్ మార్చడమా, యాప్ చూడడమా, టెస్టర్ పెట్టడమా?

మా అక్క కొడుకు రేణిగుంటలో పెరిగినోడు, ఇప్పుడు వేరే రాష్ట్రంలో ఫ్లయింగ్ నేర్చుకుంటా ఉన్నాడు. మొన్న సెలవుకి తిరుపతికి వచ్చి "మామా, మా సెస్నా 172 రాడార్‌లో వస్తాది పోతాది, బాక్స్ మార్చేస్తే పోలా?" అన్నాడు. బాక్స్ అంటే ట్రాన్స్‌పాండరే, రాడార్ అడిగినప్పుడు విమానం తరఫున జవాబు పంపే పెట్టె. ఏవియానిక్స్, అంటే విమానాల ఎలక్ట్రానిక్స్ పనిలో ఇన్నేళ్ళు చేతులు కాల్చుకున్నోణ్ణి కదా, ఆ మాట వింటేనే నాకు మంట.

బాక్స్ మార్చడం అందరికీ ఇష్టం ఎందుకంటే పది నిమిషాల పని, కానీ అది దేన్నీ తేల్చదు. ట్రేలోంచి పాతది లాగి కొత్తది తోసేటప్పుడు వెనకాల యాంటెన్నాకి పోయే కోయాక్స్ కేబుల్ కనెక్టర్ రుద్దుకుంటాది, దాంతో కాంటాక్ట్ కాస్త బాగై సిగ్నల్ వస్తాది, ఇంక తప్పంతా పాత బాక్స్‌దే అని రాసేస్తారు, నాలుగు రోజులు ఎగిరినాక మళ్ళా మొదటికే. ఇంకో చిక్కు, మోడ్ ఎస్ అనే రకం ట్రాన్స్‌పాండర్ అయితే ఒక్కో విమానానికి 24 బిట్ల సొంత అడ్రస్ ఉంటాది, పక్క విమానం బాక్స్ పీకి దీంట్లో పెట్టి అడ్రస్ మార్చడం మర్చిపోయారంటే ఒకే పేరుతో ఇద్దరు గాల్లో తిరిగినట్టే.

విమానాలు యాడున్నాయో ఫోన్‌లో చూపించే ట్రాకింగ్ యాప్ సంగతి వేరే. అది ఫ్రీ, అందుకే ముందు అదే చూస్తారు, తప్పు లేదు. ఎత్తు బాగానే వస్తా పొజిషన్ మాత్రం రాకుంటే జీపీఎస్ నుంచి వచ్చే లైన్ చూడాల, పొజిషన్ వచ్చి ఎత్తు రాకుంటే ఎత్తుని కొలిచి ట్రాన్స్‌పాండర్‌కి ఇచ్చే ఎన్‌కోడర్ వైపు పోవాల, అంతవరకు పనికొస్తాది. కానీ యాప్‌లో కనపడలేదని భయపడొద్దు. శేషాచలం కొండల అవతల కిందగా ఎగిరే చిన్న విమానం తిరుపతిలో మేడ మీద ఆ యాప్ కోసం పెట్టిన రిసీవర్‌కి యాడ కనపడతాది? ఎత్తు కూడా మోసం చేస్తాది, ఎన్‌కోడర్ ఎప్పుడూ గాలి ఒత్తిడి 1013 హెక్టోపాస్కల్ అనే లెక్కనే పంపుతాది, ఎండాకాలంలో క్యూఎన్‌హెచ్ (సముద్రమట్టానికి లెక్కగట్టిన ఆ రోజు ఒత్తిడి) 1003 ఉందనుకో, యాప్‌లో దాదాపు 280 అడుగులు జాస్తిగా కనపడతాది, అది ఫాల్ట్ కాదు. మావోడు "గాదంకి రాడార్ పక్కనే ఉంది కదా మామా, అడిగితే చెప్పరా?" అన్నాడు. నవ్వొచ్చింది, అది 53 మెగాహెర్ట్జ్‌లో గాలినీ వాతావరణాన్నీ చూసే రాడార్ రా నాయనా, ట్రాన్స్‌పాండర్‌ని ఏమీ అడగదు.

నా ఓటు ర్యాంప్ టెస్టర్‌కే. అది నేల మీదున్న విమానాన్ని రాడార్ లాగా 1030 మెగాహెర్ట్జ్‌లో అడిగి 1090లో వచ్చిన జవాబు ఎంత పవర్‌తో ఉందో నంబర్‌తో చెప్తాది. 15,000 అడుగుల లోపల ఎగిరే చిన్న విమానానికి యాంటెన్నా దగ్గర కనీసం 70 వాట్లు ఉండాల, కేబుల్ పాడై 3 డీబీ పోయిందంటే సగం పవర్ దారిలోనే ఆవిరి. బాక్స్ వెనకాల పవర్ బాగుండి యాంటెన్నా దగ్గర తగ్గితే బాక్స్‌ని వదిలేసి కేబుల్ పట్టుకోవాల. ఖర్చు జాస్తి, టెస్టర్ ఉన్న చోటికి పోవాల, లైసెన్స్ ఉన్న ఏఎంఈ (విమాన మెయింటెనెన్స్ ఇంజనీర్) సంతకం ఎట్టాగూ కావాల. ఒక్క జాగ్రత్త, హ్యాంగర్‌లో విమానం పైన ఉన్నట్టు ఎత్తు పెంచి టెస్ట్ చేసేటప్పుడు యాంటెన్నాకి సిగ్నల్ బయటికి పోకుండా మూసే కప్లర్ తొడగాల, లేకుంటే పైన పోయే పెద్ద విమానం టీక్యాస్‌లో, అంటే ఢీకొనకుండా హెచ్చరించే పరికరంలో, లేని విమానం పుట్టుకొస్తాది.

కానీ టెస్టర్ కన్నా ముందు ఖర్చు లేని పని ఒకటుంది. "టర్న్‌లోనే పోతాదా, నేరుగా పోతున్నప్పుడూ పోతాదా?" అని అడిగినా. నేరుగా పోతున్నప్పుడూ పోతాదన్నాడు. టర్న్‌లో మాత్రమే అయితే పొట్ట అవతలికి తిరిగి యాంటెన్నా మరుగైందనుకోవచ్చు, ఇది అట్టా కాదు. "అయితే తిరిగి పోయినాక కిందికి వంగి పొట్ట కింద యాంటెన్నా చూడు, తర్వాత మాట్లాడదాం" అన్నా. ఆదివారం ఫోన్ చేసినాడు. యాంటెన్నా నిండా ఇంజిన్ ఆయిల్ జిడ్డంట, వాళ్ళ ఏఎంఈ పట్టుకుంటే నట్టు చేత్తోనే తిరిగిందంట.